పుస్తకం పొలం గట్టు దాకా వెళ్లాలి

మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షల మందని పరిశోధకులు అంచనా కట్టారు. ఏడాదికి సగటున 58 వేలు. ఆ మరణాల్లో ఎక్కువ భాగం ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి, వాటిలో మన తెలుగు నేల కూడా ఉంది. పోయినవాళ్లలో అత్యధికులు పల్లెటూళ్లవాళ్లు. ఈ విషయం మీద నేనొక పుస్తకం రాశాను. ఏళ్ల తరబడి పిల్లలకు జంతుశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి రాయడం నాకు తెలిసిన పనే. రాసినదాన్ని అవసరమైనవాళ్ల చేతికి చేర్చడం మాత్రం పుస్తకం అచ్చయి వచ్చాకే నేర్చుకున్నాను.

కథలకీ నవలలకీ తెలుగులో ఎంతో కొంత దారి ఉంది. వైద్యం, వ్యవసాయం, చట్టం, చరిత్ర లాంటి విషయాల మీద రాసిన పుస్తకాలకు ఆ దారి సన్నగా ఉంటుంది. అలాంటివి రాసేవాళ్లకూ, వెతుక్కుని కొనేవాళ్లకూ పనికొస్తుందని నా అనుభవం చెబుతున్నాను.

లెక్క ఎలా ఉంటుందంటే

తెలుగులో ఇలాంటి పుస్తకాలు చాలావరకు రచయితలే సొంతంగా వేసుకుంటారు. అయిదు వందలో వెయ్యో ప్రతులు. నేను వెయ్యి వేయించాను. డెమ్మీ సైజు, 120 పేజీలు, మధ్యలో ఎనిమిది రంగుల పేజీలు, వెల 150 రూపాయలు. అమ్మిపెట్టే సంస్థకు నూటికి నలభై చొప్పున కమిషన్ ఇస్తే 60 రూపాయలు అక్కడే పోతాయి. మిగిలిన తొంభైలోనే అచ్చు ఖర్చు, రవాణా, రచయితకు మిగిలేది అన్నీ సర్దుకోవాలి. అదీ పుస్తకం అమ్ముడయ్యాకే చేతికొస్తుంది. కాబట్టి పుస్తకం అటక ఎక్కకుండా చూసుకోవలసింది రచయితే.

కొన్ని పనులు ముందే చేసుకోవాలి. ఐఎస్‌బీఎన్ అంకెను కేంద్ర ప్రభుత్వం తరఫున రాజా రామ్‌మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. అది ఉంటేనే ఆన్‌లైన్ దుకాణాల్లో, గ్రంథాలయాల జాబితాల్లో పుస్తకం సులువుగా దొరుకుతుంది. 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయానికీ, ముంబై, ఢిల్లీ నగరాల్లో నిర్దేశించిన గ్రంథాలయాలకూ ప్రచురించినవాళ్లు తమ ఖర్చుతో ప్రతులు పంపాలి. చాలామంది దీన్ని అనవసరపు ఖర్చు అనుకుంటారు. యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా వెతికితే పుస్తకం కచ్చితంగా దొరికే చోట్లు ఇవే. ఆ పార్సెళ్లు కట్టేటప్పుడు నాకు చాలా తృప్తిగా అనిపించింది.

సభలో జనం అడిగింది

ఆవిష్కరణ సభ విజయవాడలో పెట్టుకున్నాం. వక్తల్లో ఒకరు ప్రభుత్వ ఆస్పత్రిలో పనిచేసే వైద్యురాలు. పుస్తకం గురించి ఆమె రెండే మాటలు చెప్పి, సంచిలోంచి ఒక గాజు పరీక్షనాళిక తీశారు. పాము కరిచిన మనిషి రక్తం రెండు మిల్లీలీటర్లు, శుభ్రంగా పొడిగా ఉన్న ఇలాంటి గాజు గొట్టంలో తీసుకుని, ఇరవై నిమిషాలు కదపకుండా నిలబెడతామన్నారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టి ఉంటే రక్తం గడ్డకట్టే గుణం అప్పటికి చెడలేదని. నీళ్లలా జారితే పింజర జాతి విషం రక్తంలోకి వెళ్లిందని అర్థం. ప్లాస్టిక్ గొట్టం ఈ పరీక్షకు పనికిరాదు. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు.

సభ అయ్యాక జనం ఆమె చుట్టూ చేరారు. కాలికి గట్టిగా తాడు కట్టొచ్చా? కోసి రక్తం పీల్చెయ్యొచ్చా? పామును చంపి ఆస్పత్రికి తీసుకెళ్లాలా? ఏదీ చెయ్యొద్దని ఆమె ఓపిగ్గా చెప్పారు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా, వెంటనే ఆస్పత్రికి చేర్చాలి, అంతే. ఆ మాటలు విన్నవాళ్లే బల్ల దగ్గరికొచ్చి పుస్తకం కొన్నారు. విషయం ముందు నడవాలి, పుస్తకం దాని వెనక నడవాలి అనేది నాకు అక్కడ పట్టుబడింది. ఆ తర్వాత నేను చేసిన ప్రచారమంతా ఈ సూత్రం మీదే నడిచింది.

అందుకే ఎక్కడికెళ్లినా పుస్తకంలోని ముఖ్యమైన పేజీని ఉచితంగా ఇచ్చేశాను. కరిచిన మొదటి గంటలో చేయవలసినవి, చేయకూడనివి ఒక పేజీలో ఉంటాయి. దాన్నే వాట్సాప్‌లో పంపాను. ‘అంతా ముందే చెప్పేస్తే ఇంక కొనేదెవరమ్మా?’ అని శ్రేయోభిలాషులు అడిగారు. ప్రాణం నిలిపే సంగతిని వెల కట్టి దాచుకోవడం నాకు ఇష్టం లేదు. పైగా ఆ పేజీ చదివినవాళ్లకే మిగతాది కావలసి వచ్చింది. విరుగుడు మందును గుర్రాల రక్తం నుంచి ఎలా తీస్తారు, దానికి కావలసిన విషాన్ని చెన్నై దగ్గర వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుల తెగవాళ్ల సహకార సంఘం ఎలా సేకరిస్తోంది, పసిపిల్లకూ పెద్దవాళ్లకూ మందు ఒకే మోతాదులో ఎందుకిస్తారు, ఇవన్నీ ఒక పేజీలో ఇమిడేవి కావు.

బుక్ ఫెస్టివల్ స్టాల్‌లో

1989లో మొదలైన విజయవాడ పుస్తక మహోత్సవం సాధారణంగా జనవరిలో జరుగుతుంది. హైదరాబాద్ బుక్ ఫెయిర్ ఎక్కువగా డిసెంబరులో ఉంటుంది. కొత్త పుస్తకానికి ఈ రెండూ పెద్ద సంతలు. ఒక మిత్రుడి స్టాల్‌లో మూల బల్ల మీద నా పుస్తకం పెట్టుకుని నిలబడ్డాను. అట్ట మీద పేరు చూపించేకంటే రంగుల పేజీలు తెరిచి పెడితే ఎక్కువమంది ఆగుతున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మన దగ్గర ప్రాణాలు ఎక్కువగా తీసేవి ఈ నాలుగే. ఎదురు పేజీలో జెర్రిపోతు, నీరుకట్టు, పసరిక పాము. వీటివల్ల మనిషి ప్రాణానికి ప్రమాదం లేదు.

‘ఇదిగోండి, ఇది మా దొడ్లో తిరుగుతుంటుంది’ అంటూ ఫోనులో ఫొటోలు తీసి చూపించేవాళ్లు. చాలా ఫొటోల్లో ఉన్నది జెర్రిపోతే. ఎలుకలు తిని బతుకుతుంది, చంపకండి అని చెబితే మనసు తేలికపడేది వాళ్లకు. అక్కడ కొన్నవాళ్లలో ఎక్కువమంది పట్నంలో ఉంటూ ఊళ్లో అమ్మానాన్నలకోసమో, కౌలు రైతుకోసమో తీసుకున్నారు. ‘మా నాన్నగారు రాత్రిపూట మోటారు వెయ్యడానికి పొలం వెళ్తారండీ, ఆయన పేరు రాసి సంతకం పెట్టండి’ అని ఒకాయన అడిగారు. పుస్తకం కొనే మనిషి వేరు, దాని అవసరం ఉన్న మనిషి వేరు. సమాచార గ్రంథాలు రాసేవాళ్లు ఇద్దరినీ దృష్టిలో పెట్టుకోవాలి. స్టాల్‌లో మాట్లాడవలసింది కొడుకుతో, రాయవలసింది తండ్రి కోసం.

పుస్తకానికీ అదును ఉంటుంది

పాముకాటు మరణాల్లో దాదాపు సగం జూన్, సెప్టెంబరు మధ్యనే జరుగుతాయి. తొలకరి పడి కలుగుల్లోకి నీళ్లు చేరతాయి, నారుమళ్లలో పని మొదలవుతుంది, పాములూ మనుషులూ ఒకే గట్టు మీదికొస్తారు. 2018 వానాకాలంలో మా దివిసీమలో పాముకాట్లు వార్తలకెక్కాయి. అవనిగడ్డ ఆస్పత్రికి బాధితులు వరసగా వచ్చారు. ఈ పుస్తకం రాయాలన్న సంకల్పం నాకు ఆ ఏడే కలిగింది.

అందుకని అసలు ప్రచారాన్ని మే నెలాఖరు నుంచి మొదలుపెట్టాను. విత్తనానికున్నట్టే పుస్తకానికీ అదును ఉంది. జనవరిలో ఆసక్తిగా చూసిన పుస్తకం జూన్‌లో అవసరమవుతుంది. పత్రికలకు సమీక్ష కోసం పంపే రెండేసి ప్రతులు కూడా మళ్లీ అప్పుడే పంపాను. ఈసారి సాహిత్య పేజీలకు కాదు, జిల్లా పేజీలకూ వ్యవసాయ పేజీలకూ. వాటితోపాటు పత్రిక నేరుగా వేసుకోవడానికి వీలుగా రెండు వందల మాటల్లో జాగ్రత్తలు రాసిచ్చాను. చివర పుస్తకం పేరు, దొరికే చోటు ఒక్క వాక్యంలో. వార్త చదివి ఫోన్లు చేసిన రైతులు సమీక్ష చదివి చేసినవాళ్లకంటే ఎక్కువ.

కార్తికంలో నాగుల చవితి మరో అదును. పుట్ట దగ్గరికి పిల్లాపాపలతో వెళ్లే ఆ రోజున పాము గురించి మాట్లాడితే వినని ఇల్లుండదు. భక్తిని తక్కువ చెయ్యకుండా, పుట్ట కన్నంలో చెయ్యి పెట్టొద్దని, చీకట్లో టార్చి లేకుండా పోవద్దని చెప్పాను. నాగేంద్రుడికి దండం పెట్టుకునే తల్లికి నాగుపాము కాటుకు మందుందని చెబితే ఆమె మరింత శ్రద్ధగా వింటుంది.

ఆ బొమ్మ ఒక్కటి ఇప్పించండి

ఊళ్లో మాట చెల్లే మనిషిని పట్టుకోవాలి. పాము కరిస్తే ముందు పరుగెత్తేది ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి, లేదా పసరు పోసే పెద్దాయన దగ్గరికి. నేను వాళ్లిద్దరికీ పుస్తకాలు చేతికిచ్చి, కూర్చుని మాట్లాడాను. ఒక ఊళ్లో పసరు మందు ఇచ్చే తాతగారు పుస్తకంలో కట్లపాము పేజీ మనవడితో చదివించుకున్నారు. ఈ పాము రాత్రివేళ నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. గాటు కనబడకపోవచ్చు, నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారేసరికి కడుపునొప్పి, మాట ముద్దగా రావడం, కనురెప్పలు వాలిపోవడం. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘రెప్పలు వాలినవాణ్ణి ఇక నా గుమ్మం ఎక్కించనమ్మా, తిన్నగా బండెక్కించేస్తా’ అన్నారు. నా పుస్తకానికి వచ్చిన సమీక్షల్లో నేను అన్నిటికన్నా విలువిచ్చేది ఆ మాటకే.

ఉపాధి హామీ పని జరిగే చోట ఆశా కార్యకర్తతో కలిసి మాట్లాడుతుంటే ఒక పెద్దావిడ రంగుల పేజీ మీద చెయ్యి వేసి, ‘చదువు రానిదాన్ని, పుస్తకం ఏం చేసుకుంటాను మేడంగారూ? ఆ బొమ్మల కాయితం ఒక్కటి ఇప్పించండి, గోడకు అంటించుకుంటా’ అంది. ఆ రోజే నిర్ణయించుకున్నాను. నాలుగు విష సర్పాల బొమ్మలు, కింద 108 నంబరు, చేయవలసిన మూడు పనులు పెద్ద అక్షరాల్లో వేసి గోడపత్రిక అచ్చు వేయించాను. రైతు సేవా కేంద్రాల్లో, బడి వరండాల్లో, ఆరోగ్య కేంద్రాల్లో అనుమతి అడిగి అంటించాం. కింద పుస్తకం పేరు, క్యూఆర్ కోడ్. ఆ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే జాగ్రత్తలను నా గొంతుతో వినొచ్చు. చదవడం రానివాళ్లకు కూడా పుస్తకం చేరే దారి అది. కొనుగోళ్లూ దాని ద్వారానే పెరిగాయి, ఎందుకంటే గోడ మీద చూసిన తల్లి ఇంటికెళ్లి కాలేజీ చదివే కూతురికి చెబుతుంది.

పోస్టు, గ్రంథాలయం

దూరాన ఉన్నవాళ్లకు పంపడం ఒకప్పుడు సులువుగా ఉండేది. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టు తీసేయడంతో చిన్న ప్రచురణకర్తల మీద భారం పడింది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్నులు అదనం. ఎక్కడిదాకా వెళ్లిందో చూసుకోవచ్చు కూడా. నా పుస్తకం లాంటివి 300 గ్రాముల లోపే తూగుతాయి. రచయితలు ఈ సౌకర్యాన్ని వాడుకోవాలి.

అన్నిటికన్నా బలమైన దారి గ్రంథాలయం. మనం కట్టే ఇంటి పన్నులోనే గ్రంథాలయ సెస్సు కలిసి ఉంటుంది. అంటే ఊళ్లో శాఖా గ్రంథాలయానికి పుస్తకం అడిగే హక్కు మనకు ఉంది. నేను జిల్లా గ్రంథాలయ సంస్థకు దరఖాస్తు పెట్టడంతో ఆగకుండా, వెళ్లిన ప్రతి ఊళ్లో పాఠకుల చేతే ఈ పుస్తకం కావాలని రాయించాను. రచయిత అడిగితే అది విజ్ఞప్తి. చదివేవాళ్లు అడిగితే అది అవసరం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని మన ప్రభుత్వం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ లక్ష్యానికి మందు, అంబులెన్సు ఎంత ముఖ్యమో మన భాషలో సరైన సమాచారం అంత ముఖ్యం. తెలుగులో చదివేవాళ్లు లేరనే మాటను నేను ఒప్పుకోను. తన పొలం గురించి, తన ఒంటి గురించి, తన హక్కు గురించి రాసింది చేతికందితే మన రైతు చదువుతాడు, రానివాళ్లు చదివించుకుంటారు. అందించే పని సభతో అయిపోదు. మీకు తెలిసిన శాస్త్రాన్ని, చట్టాన్ని, వైద్యాన్ని తెలుగులో రాయండి. రాశాక ఎవరి కోసం రాశారో వాళ్లు పని చేసుకునే చోటికి, వాళ్లకు అవసరమైన కాలంలో, సంచి భుజాన వేసుకుని వెళ్లండి.