వాల్వు యాంప్లిఫయర్ – లోపాల అన్వేషణ

శ్రీకాకుళం జిల్లాలోని ఆమదాలవలస, హౌరా–చెన్నై రైలుమార్గంపై ఉన్న పట్టణం. అక్కడి రైల్వేస్టేషను పేరు శ్రీకాకుళం రోడ్. ఈ ప్రాంతపు జాతరలలో తప్పెటగుళ్లు, బుర్రకథ, హరికథ మొదలైన ప్రదర్శనలను చివరి వరుసలో కూర్చున్నవారికి సైతం వినిపించిన సాధనం మైకుసెట్టు. ట్రాన్సిస్టర్లు వాడుకలోకి రాకముందు మైకుసెట్టులో ధ్వనిని పెంచినవి గాజు వాల్వులే. నేడు మైకుసెట్ల నుండి వాల్వులు దాదాపుగా తొలగిపోయినా, ఎలక్ట్రిక్ గిటారు వాద్యకారులు మాత్రం వాటిని విడిచిపెట్టలేదు. స్థాయి పెంచినకొద్దీ వాల్వు ధ్వని క్రమక్రమంగా బరువెక్కి మారే తీరు వారికి ప్రీతిపాత్రం. అట్టి యాంప్లిఫయర్ చెడిపోయినప్పుడు లోపాన్ని ఏ వరుసలో వెతకాలి, వెతికేవారు తమ ప్రాణాన్ని ఎలా కాపాడుకోవాలి అన్నవి తెలుసుకోదగిన విషయాలు.

1904లో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడుల వాల్వును రూపొందించగా, 1906లో లీ డి ఫారెస్ట్ దానికి గ్రిడ్ అనే మూడవ ఎలక్ట్రోడును చేర్చాడు. వేడెక్కిన కాథోడ్ నుండి వెలువడే ఎలక్ట్రానులను ధనావేశం గల ప్లేటు ఆకర్షిస్తుంది. ఆ రెండింటి మధ్యనుండే గ్రిడ్, నాగావళి కాలువకు తూము తలుపు వంటిది. తలుపును కొద్దిగా కదిలిస్తే చాలు, ఎంతో నీరు అదుపులోకి వస్తుంది. అట్లే గిటారు తీగల కంపనం వలన పుట్టిన స్వల్ప వోల్టేజి గ్రిడ్‌ను చేరి, ప్లేటుకు పోయే ప్రవాహాన్ని శాసిస్తుంది. చివరి వాల్వుల నుండి వెలువడిన శక్తిని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లౌడ్‌స్పీకరుకు అందజేస్తుంది.

ప్లేటుకు కావలసిన వోల్టేజి సాధారణంగా 250 నుండి 450 వోల్టుల వరకు ఉంటుంది. దీనిని నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లు, ప్లగ్గు ఊడదీసిన తరువాత కూడా ఆవేశాన్ని దాచుకొని ఉండవచ్చు. స్విచ్చి ఆపాము కదా అని లోపల చేయి పెట్టడం మృత్యువును ఆహ్వానించడమే. అందుచేత అనుభవజ్ఞుడైన మెకానిక్ ముందుగా ప్లగ్గు తీసి, తగిన నిరోధం గల తీగతో కెపాసిటర్లలోని ఆవేశాన్ని నేలకు పంపి, ఆపై మీటరుతో కొలిచి, వోల్టేజి లేదని నిర్ధారించుకొన్న పిమ్మటనే పని ప్రారంభిస్తాడు. విద్యార్థులు నిపుణుని పర్యవేక్షణ లేకుండా ఈ పెట్టెను తెరవరాదు.

ఫ్యూజు పదేపదే కాలిపోతే, అంతకంటే పెద్ద ఫ్యూజును వేయడం అవివేకం. యాంప్లిఫయరుకు వరుసలో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు కలిపిన సిరీస్ బోర్డు ఇక్కడ ఉపకరిస్తుంది. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే పెద్ద షార్టు లేనట్లే. పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉన్నదని గ్రహించాలి. యాంప్లిఫయరును ఆపి, చివరి వాల్వులను తీసి మరల పరీక్షించినప్పుడు బల్బు మసకబారితే దోషం ఆ వాల్వులలోగాని, వాటి బయాస్‌లోగాని ఉండవచ్చు. అప్పటికీ కాంతి తగ్గకపోతే రెక్టిఫయర్, కెపాసిటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లను ఒక్కొక్కటిగా పరిశీలించాలి.

గుయ్యిమనే శబ్దం వినిపించినప్పుడు వాల్యూమును పూర్తిగా తగ్గించి చూడాలి. శబ్దం అలాగే ఉంటే లోపం ఆ వాల్యూము తరువాతి భాగంలోనో, విద్యుత్తునందించే విభాగంలోనో ఉన్నట్లు. ఆగిపోతే అంతకు ముందరి వాల్వునో, గిటారు తీగనో అనుమానించాలి. మన దేశంలో విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్‌జ్. దానిని పూర్తి తరంగ రెక్టిఫయర్ 100 హెర్ట్‌జ్‌గా మారుస్తుంది. కనుక 100 హెర్ట్‌జ్ శబ్దం తరచుగా ఫిల్టర్ కెపాసిటర్ల నీరసానికి, 50 హెర్ట్‌జ్ శబ్దం హీటరు తీగలకుగాని, ఎర్తు లోపానికిగాని సూచన.

చివరి వాల్వు ప్లేటు ఎర్రగా కాలుతూ కనిపిస్తే వెంటనే స్విచ్చి ఆపాలి. రెండు దశలను కలిపే కప్లింగ్ కెపాసిటర్ కారుతున్నప్పుడు ముందరి ప్లేటులోని ధన వోల్టేజి గ్రిడ్‌కు చేరుతుంది. తూము తలుపు తెరుచుకొనిపోయినట్లు ప్రవాహం హద్దు మీరి వాల్వు నాశనమవుతుంది. అప్పుడు వాల్వును మాత్రమే మారిస్తే కొత్తది కూడా కాలిపోతుంది. కాలిన వాల్వు ఫలితం, కారిన కెపాసిటర్ కారణం. ఈ భేదం తెలియనివాడు ఖరీదైన వాల్వులను ఒకదాని వెంట ఒకటిగా పోగొట్టుకొంటాడు.

కోస్తా జిల్లాల తేమగాలి వలన సాకెట్లకు తుప్పు పట్టి చిటపట శబ్దాలు పుట్టడం సహజం. ఎండిన చెక్కపుల్లతో ఒక్కొక్క వాల్వును మెల్లగా తడితే, ఏది తగిలినప్పుడు శబ్దం ఎక్కువవుతుందో అక్కడి సాకెట్టునుగాని, వాల్వునుగాని పరీక్షించాలి. అనేక సందర్భాలలో ఆ పిన్నులను శుభ్రం చేసినంతనే ధ్వని తేటపడుతుంది. స్పీకరు కలపకుండా మాత్రం ఎన్నడూ వాయించరాదు. అట్లు చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినే ప్రమాదమున్నది.

వైద్యుడు లక్షణాలను బట్టి రోగమూలాన్ని తెలుసుకొన్నట్లే, మెకానిక్ శబ్దాన్ని, వెలుగును, మీటరు అంకెలను చదివి దోషమూలాన్ని చేరుకొంటాడు. ఒక పరీక్షకు ఒక మార్పు మాత్రమే చేసి, ఫలితాన్ని రాసుకొన్నవాడు దారి తప్పడు. నిదానమే ప్రధానమన్న పెద్దల మాట ఈ విద్యలో వస్తువునే గాక ప్రాణాన్ని కూడా కాపాడుతుంది.