పాత క్యాసెట్లు పారేయకండి!



1952లో రేడియో సిలోన్‌లో మొదలైన 'బినాకా గీత్‌మాలా' మీ ఇంట్లో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. బుధవారం రాత్రయితే రేడియో దగ్గర చేరేవారు. వ్యాఖ్యాత అమీన్ సయానీ 2024లో కన్నుమూశారు. ఆయన గొంతు నేటికీ వినగలుగుతున్నామంటే, కొన్ని రికార్డింగులను భద్రపరచడం వల్లే.

మీ ఇంటి పాత క్యాసెట్లలోనూ ఏ రేడియో కార్యక్రమమో, తాతయ్య మాటలో ఉండవచ్చు. టేపు మీది అయస్కాంత పూత తేమకు, వేడికి పాడవుతుంది. దానిమీద మళ్లీ రికార్డు చేస్తే పాతది చెరిగిపోతుంది. అందుకే క్యాసెట్ వెనుక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులను విరిచేయండి. స్పీకర్లకు దూరంగా, పొడిచోట ఉంచండి. ప్లేయర్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి రికార్డు చేసి, రెండుచోట్ల దాచండి.

ఈ పనిలో పిల్లలను కలుపుకోండి. ఆ గొంతు ఎవరిదో, ఏ సంవత్సరానిదో పెద్దలను అడిగి రాసిపెట్టమనండి. చెప్పగలిగేవారు ఉన్నప్పుడే అడగాలి కదా!