బాసుకై పుట్టి గిటారునకు దక్కినది

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బాసను విద్యుద్వాద్యమును వెలువరించిన పిమ్మట, దాని మంద్రస్వరమును నృత్యశాలల కోలాహలములో సైతము వినిపింపఁజేయు ఆంప్లిఫయరొకటి కావలసివచ్చెను. మఱుసటి యేట ఆయన నిర్మించిన ‘బాస్‌మన్’ అందులకే యుద్దేశింపఁబడినది. పదునైదంగుళముల స్పీకరొక్కదానితో మొదలైన యీ యంత్రము క్రమముగా మాఱి, పదేసి యంగుళముల స్పీకర్లు నాల్గింటిని ధరించి, 1958–60 నడుమ 5ఎఫ్6-ఎ అను రూపమును దాల్చెను; నేఁడు గిటారు వాదకులు ప్రాణముగాఁ జూచుకొనునది యీ రూపమునే.

బిగ్గరగా వాయింపఁగోరిన బాసు వాదకులకు ఇది చాలకపోవుట వింత గాదు. బాసు గిటారు యొక్క అతిమంద్రతంత్రి సెకనునకు సుమారు 41 పర్యాయములు కంపించును. గిటారున నది 82. స్వరము క్రిందికి దిగినకొలఁది స్పీకరు కదలింపవలసిన గాలియు, అందులకు వలయు శక్తియు మిక్కిలిగాఁ బెరుగును. బాస్‌మన్ శక్తియో నలువది వాట్ల ప్రాంతముననే యుండును; పైఁగా పెట్టె వెనుక తెఱచియుండుటచే, స్పీకరు ముందువైపు తరంగమును వెనుకవైపు తరంగము మంద్రస్థాయిలోఁ గొంత హరించివేయును. కావున ధ్వనిని హెచ్చించినకొలఁది బాసు నాదము స్ఫుటత్వము గోల్పోయి గరగరలాడెడిది.

ఆ గరగరయే గిటారునకు అలంకారమయ్యెను. పూర్వపు వాల్వు రేడియోలలో, మీట నొక్కిన కొంతసేపటికిఁ గాని కంఠము విప్పని గాజుగొట్టములను మన పెద్దలెఱుఁగుదురు. ఇందుఁ బనిచేయునవియు నా జాతివే. వానిని శక్తికి మించి నడిపినపుడు అవి తరంగశిఖరములను ఒక్కపెట్టున నఱకివేయక క్రమక్రమముగా నొత్తి గుండ్రన చేయును. తత్ఫలితముగా మూలస్వరముపై అతిస్వరములు పెక్కు జనించి, నాదమునకు సాంద్రతయు నొకవిధమైన ఆర్ద్రతయు గలుగును. స్వచ్ఛనాదమే లక్ష్యముగాఁ గల ఫెండరు, తాను గిటారు వాయింపఁజాలనివాఁడు, ఈ లోపమునకుఁ గలుగఁబోవు గౌరవమును ఊహించియుండఁడు. చికాగో బ్లూస్ వాదకుఁడు బడ్డీ గై వంటివారి చేతులలో అది ప్రసిద్ధి కెక్కెను.

అంతటితో నాఁగలేదు. లండనులోని హాన్వెల్‌లో వాద్యముల యంగడి నడుపుచుండిన జిమ్ మార్షల్, 1962 ప్రాంతమున తన సహచరులతోఁ గూడి, దాదాపు బాస్‌మన్ సర్క్యూటునే అనుసరించి జేటీఎం45 అను ఆంప్లిఫయరును నిర్మించెను. దానిని పండ్రెండంగుళముల స్పీకర్లు గల, వెనుక మూసిన పెట్టెకుఁ గలుపుటతో నాదము మఱియు గంభీరమయ్యెను. రాక్ సంగీతమునకు మార్షల్ పేరు పర్యాయపదమైనదన్నచో, అందు సగము కీర్తి యీ బాసు యంత్రమునకుఁ జెందవలయునని నా యభిప్రాయము.

దీనిని కొనఁదలఁచువారికొక మాట. ఆ మధురమైన గరగర ధ్వని హెచ్చించినప్పుడే పుట్టును; ఇరుగుపొరుగుల నిద్రకు జంకి మీటను అడుగున నుంచువారికి దాని వలనఁ బ్రయోజనమల్పము. అమెరికా విద్యుత్తునకై చేయఁబడిన పాత యంత్రమును మన 230 వోల్టులకు నేరుగాఁ దగిలింపరాదు, మధ్య ట్రాన్స్‌ఫార్మరుండవలయును. స్పీకరు జోడింపక నడుపరాదు. ప్లగ్గు తీసిన తరువాతఁ గూడ లోపలి కెపాసిటర్లలో నాలుగువందలకు పైఁబడిన వోల్టులు నిలిచియుండవచ్చును గనుక, పెట్టె విప్పుట ఎఱిఁగిన మెకానిక్కునకే విడువవలయును.