పోలిక, సాటి, సమానము

“ఇది అచ్చముగా దానివలెనే యున్నది” అని మనము దినమునకు ఎన్నిసార్లు అందుమో చెప్పలేము. శిశువును చూడవచ్చిన బంధువులు మేనమామ పోలిక యందురు. బట్టల కొట్టులో గృహిణి తన చీరకు జోడైన రవికగుడ్డ నడుగును. ఒక వస్తువును మరియొకదాని ప్రక్క నుంచి చూచుటయే ఇందలి పని. కాని అందుకు మనకు గల మాటలు పెక్కు. అవి యన్నియు ఒకే సంగతిని చెప్పవు.

మొదట ప్రాంతభేదమును చూతము. పుస్తకభాషలోని ‘వలె’ కోస్తా జిల్లాలలో ‘లాగ’ యగును. రాయలసీమలో ‘మాదిరి’ తరచుగా వినబడును. తెలంగాణమున ‘లెక్క’, ‘తీరు’ అను మాటలు ఆ పని చేయును. హైదరాబాదునకు ఉత్తరమున, శామీర్‌పేట చేరువనున్న జవహర్‌నగర్‌లో “వాడు మా అన్న లెక్కనే ఉంటడు” అని యెవరైన అన్నచో, క్రొత్తగా వచ్చిన కోస్తావాసి కూడికలు, తీసివేతలు తలచుకొని తికమకపడవచ్చును. అచ్చట లెక్క యనగా పోలికయే.

ఆ ఊరి పేరే మరియొక పాఠము చెప్పుచున్నది. నగరము నడుమ చిక్కడపల్లి ప్రాంతమునను ఒక జవహర్‌నగర్ కలదు. ఈ రెంటికి గలది నామసామ్యము మాత్రమే. ప్రాంతము పేరును, పిన్‌కోడును వ్రాయక వేసిన ఉత్తరము ఒకచోటికి మారుగా వేరొకచోటికి చేరవచ్చును. కనుక సామ్యము కలదన్నంత మాత్రమున చాలదు. ఎందులో కలదో చెప్పవలెను.

ఈ సంగతిని మన ఆలంకారికులు ఏనాడో గుర్తించిరి. ఉపమకు వారు నాలుగంగములు చెప్పిరి. “శామీర్‌పేట చెరువు అద్దమువలె నిర్మలముగా నున్నది” అన్నప్పుడు చెరువు ఉపమేయము, అద్దము ఉపమానము, నిర్మలత్వము సాధారణ ధర్మము, ‘వలె’ ఉపమావాచకము. దండి తన ‘కావ్యాదర్శము’న ఇవ, యథా, నిభ, తుల్య, సంకాశ మొదలగు సాదృశ్యవాచకములను పెద్ద పట్టికగా కూర్చెను. ఈ అంగములలో ఏదైన లోపించినచో అది లుప్తోపమ యగును. సాధారణ ధర్మమును చెప్పక విడుచుట కవిత్వమున సొగసు కావచ్చును గాని, వ్యవహారమున చిక్కు తెచ్చును.

మన తెలుగు మాటలు చాలవరకు ఆ ధర్మమును తమలోనే దాచుకొన్నవి. ‘పోలిక’ ముఖ్యముగా రూపమును చెప్పును, ‘ఈడు’ వయస్సును చెప్పును. కలిసి యుండదగినవి ‘జోడు’. గొప్పతనమున ‘సాటి’, ‘దీటు’ అందుము. పోటీలో బలము సరితూగినచో ‘ఉజ్జీ’. ‘సమానము’ కొలతకును, విలువకును చెందినది. ఐదు పదిరూపాయల నోట్లు ఒక యాభైరూపాయల నోటుతో సమానములే గాని, వానికి పోలిక లేదు.

శాస్త్రములు ఈ భేదములను మరింత బిగించినవి. ఆకారమొకటే యైన త్రిభుజములు సరూపములు. ఆకారముతోపాటు పరిమాణమును ఒకటే యైనచో సర్వసమానములు. ఒకదాని భుజమునకు రెండవదానిలో సరిపడు భుజము అనురూప భుజము. జీవశాస్త్రమున గబ్బిలము రెక్కయు, మనుష్యుని చేయియు నిర్మాణసామ్య అవయవములు. వాని ఎముకల అమరిక ఒకటే, పనులు వేరు. గబ్బిలము రెక్కయు, సీతాకోకచిలుక రెక్కయు క్రియాసామ్య అవయవములు. వాని పని ఒకటే, నిర్మాణము వేరు.

ఇది పండితుల చర్చ మాత్రమే కాదు. ఇంటిలోని రెండు మందుబిళ్లలు తెల్లగా, గుండ్రముగా ఒకే తీరున నుండవచ్చును. ఒకటి రక్తపోటునకు, రెండవది మధుమేహమునకు కావచ్చును. చూపు మందగించిన తాతగారికి ఈ పోలికయే అపాయము. మరి రెండు సంస్థల బిళ్లలు పేరున, రంగున వేరైనను, వానిలోని మందును, దాని మోతాదును ఒకటే కావచ్చును. వేరని తలచి రెంటిని మ్రింగినచో మోతాదు రెట్టింపగును. కాబట్టి బిళ్ల రూపమును నమ్మక, పెట్టెమీది మందు పేరును, మిల్లీగ్రాముల సంఖ్యను చదువవలెను. సందేహమున్నచో వైద్యుని అడుగవలెను.

పోలిన వెల్ల ఒకటి కావు, పోలనివెల్ల వేరును కావు. “ఇది దానివలెనే యున్నది” అని ఎవరైన చెప్పినప్పుడు, “ఏ విషయమున?” అని అడిగి తెలిసికొనుట మేలు.