పోటు తప్పిన కారు

కారు సంగతి మనకెందుకంటారా? రాజవొమ్మంగి కొండదారిలో రాత్రివేళ పురిటి మనిషిని తీసుకెళ్తున్న బండి ఎత్తు మీద దగ్గి ఆగిందంటే అది మన సంగతే కదండీ!

1983లో వచ్చి, 2014లో తయారీ ఆగిన మారుతి 800లో మూడు సిలిండర్లు. ముగ్గురు ఒకే రోట్లో దంచుతుండగా ఒకరు పోటు తప్పితే లయ చెడదూ? మిస్సింగ్ అంటే అదే. పాత కార్బురేటరు బండిలో అన్నీ ఒక్కసారే మార్పిస్తే డబ్బు పోతుంది, జబ్బు ఏదో తెలియదు. ముందు పోటు తప్పిందెవరో తేల్చాలి.

ఇంజను ఆపి, ఒక ప్లగ్గు వైరు ఊడదీసి, వేరే ప్లగ్గుకు తగిలించి, దాని ఇనుప భాగాన్ని ఇంజనుకు ఆనించి పెట్టండి. అప్పుడు స్టార్టు చేయాలి. ఇంజను మరింత కుంగితే ఆ సిలిండరు మంచిదే. తేడా లేదా, దొంగ దొరికినట్టే! నడుస్తుండగా వైరు ముట్టుకోకండి, షాకు కొడుతుంది.

ఆ ప్లగ్గును పక్కదానితో మార్చండి. మిస్సింగూ అటు పోతే తప్పు ప్లగ్గుది. పోకపోతే వైరు చూడండి. ప్లగ్గు మొన లేత ఇటుకరంగులో ఉంటే మంచిది. పొడిమసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోందని, నూనె జిడ్డుంటే లోపల అరుగుదలని అనుమానించాలి. వానల్లోనే వస్తుంటే డిస్ట్రిబ్యూటరు మూతలో చెమ్మ, బీటలు వెతకండి. నిప్పురవ్వ బాగుండీ ఎత్తులోనే దగ్గితే పెట్రోలు ఫిల్టరు చూపించండి. అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు కంప్రెషన్ పరీక్ష.

మెకానిక్కుతో "బండి బాగోలేదు బాబూ" అనకండి. "రెండో సిలిండరు పలకడం లేదు, ప్లగ్గు మార్చి చూశాం" అనండి. సగం బేరం అక్కడే తెగుతుంది.