చేదుకట్టులో పలుకులు

అనకాపల్లి చేపల బజారులో శీలావతిని కోయించుకునేటప్పుడు కోసే ఆమె వేళ్లను ఒకసారి గమనించండి. పొలుసు గీకడం, మొప్పలు పీకడం చకచకా అయిపోతాయి. పొట్ట చీల్చాక మాత్రం చెయ్యి నెమ్మదిస్తుంది. ఆకుపచ్చటి చిన్న తిత్తిని పగలకుండా ఒడుపుగా లాగి పక్కన పడేస్తుంది. అది పగిలిందా, కూరంతా చేదే. దాన్ని ‘చేదు’ అంటారు, నిఘంటువులో ‘చేదుకట్టు’. మనిషికీ అలాంటి తిత్తి ఉంది. పుస్తకాల్లో దాని పేరు పిత్తాశయం, ఆసుపత్రిలో గాల్‌బ్లాడర్.

కుడి పక్కటెముకల కింద, కాలేయాన్ని ఆనుకుని ఉంటుంది. పొడవు 7 నుంచి 10 సెంటీమీటర్లు, పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. అందులో కొంత ఈ తిత్తిలోకి చేరి, నీరు ఇంకిపోయి చిక్కబడుతుంది. తిన్న తిండిలోని కొవ్వు చిన్నపేగుకు చేరగానే పేగు గోడ కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ని విడుదల చేస్తుంది. ఆ కబురు అందగానే గాల్‌బ్లాడర్ పిండినట్టు ముడుచుకుని రసాన్ని పేగులోకి వదులుతుంది. కొవ్వు రాకపోతే కబురూ లేదు, పిండడమూ లేదు.

ఇందులో రాయి ఎలా పుడుతుందో బెల్లానికి పేరున్న అనకాపల్లివాళ్లకు చెప్పడం తేలిక. పటికబెల్లం తయారీ తలుచుకోండి. పాకం ఇక కరిగించుకోలేనంత చిక్కగా ఉండాలి. పలుకు అంటుకోవడానికి అందులో దారం వేలాడాలి. పాకాన్ని కదపకూడదు. ఈ మూడూ కుదిరితే దారం చుట్టూ పలుకులు కడతాయి. గాల్‌బ్లాడర్లో జరిగేదీ ఇదే. పైత్యరసంలోని లవణాలు ఓ మేరకే కొలెస్టరాల్ని కరిగించి ఉంచగలవు. ఆ హద్దు దాటిన కొలెస్టరాల్ పాకం అవుతుంది. తిత్తి గోడ నుంచి ఊరే జిగురు దారం అవుతుంది. తిత్తి పిండుకోకపోతే పాకం కదలదు.

బరువు వేగంగా తగ్గుతున్న ఒంట్లో ఈ మూడూ ఒకేసారి కుదురుతాయి. కరిగే కొవ్వులో దాగున్న కొలెస్టరాల్ కాలేయం మీదుగా పైత్యరసంలోకి చేరుతుంది. జిగురు పెరుగుతుంది. తిండి బాగా తగ్గించి, నూనె మానేసిన మనిషిలో తిత్తి పిండుకోవడానికి కారణమే ఉండదు. అమెరికాలో 1989లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 51 మంది స్థూలకాయులకు రోజుకు 500 కేలరీల తిండి ఇచ్చారు. ఎనిమిది వారాలకే 13 మందిలో రాళ్లు కనిపించాయి, వాళ్లలో ముగ్గురికి ఆపరేషన్ అవసరమైంది. ఎనిమిది వారాలంటే పెళ్లి ముహూర్తానికి సన్నబడాలని మనవాళ్లు పెట్టుకునే గడువు. వారానికి కిలోన్నర దాటి తగ్గితే ముప్పు బాగా పెరుగుతుందని వైద్యుల లెక్క. బరువు తగ్గించే సర్జరీ చేయించుకున్నవాళ్లకు మొదటి ఆరు నెలలు మరీ జాగ్రత్త అవసరం.

రెండు తెలుగు రాష్ట్రాల్లో డైట్లు ఉప్పెనలా వచ్చి పోతుంటాయి. 2017, 18 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ డైట్ పేరు వినపడని ఊరు లేదు. అందులో కొబ్బరినూనెకు పెద్దపీట వేశారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. రాళ్లు లేనివాళ్లకు తిండిలో కొంత కొవ్వు ఉండటం మేలే, తిత్తి ఖాళీ అవుతుంటుంది. తమకు తెలియకుండానే రాళ్లున్నవాళ్లు ఒక్కసారిగా నూనె ఎక్కువ తీసుకుంటే మాత్రం గట్టిగా పిండుకున్న తిత్తి రాయిని నాళం మూతిలోకి తోయవచ్చు. ఒకే డైట్ ఇద్దరికి రెండు రకాల ఫలితం ఇస్తుందంటే ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు వంతు బరువు తగ్గించే ఇంజెక్షన్లది. మన దేశంలోకి 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ వచ్చాయి. ఈ జీఎల్‌పీ-1 కుటుంబం మందులపై జరిగిన 76 ట్రయల్స్‌ను, అంటే లక్షకు పైగా మందిని, కలిపి చూసిన విశ్లేషణ 2022లో వచ్చింది. గాల్‌బ్లాడర్, పైత్యనాళాల జబ్బులు మందు వాడినవాళ్లలో 37 శాతం ఎక్కువ. బరువు తగ్గడం కోసమే వాడిన ట్రయల్స్‌లో రెట్టింపు దాటింది. భయపడి మందు మానేయాల్సినంత సంఖ్య కాదిది, అన్ని ట్రయల్స్ మొత్తంమీద చూస్తే ఏడాదికి పదివేల మందిలో అదనంగా 27 మంది. ఆ 27 మందిలో ఒకరైనవారు నొప్పిని గుర్తుపట్టగలగాలి, అంతే.

ఇక ఆ నొప్పి సంగతి. మన ఇళ్లలో పొట్ట పైభాగంలో వచ్చే ప్రతి నొప్పికీ ఒకటే పేరు, గ్యాస్. నిమ్మసోడా తాగుతారు, వాము నములుతారు, మందుల షాపులో గ్యాస్ బిళ్ల అడుగుతారు. రాయి నొప్పి వీటికి లొంగదు. తేన్పు వచ్చినా, విరేచనం అయినా, అటు ఇటు పొర్లినా తగ్గదు. బొడ్డుకు పైన నడిమధ్యలోనో, కుడి పక్కటెముకల కిందో మొదలై, కొద్దిసేపట్లోనే శిఖరానికి చేరి, అరగంట నుంచి కొన్ని గంటల దాకా ఒకే తీరుగా పట్టేసి ఉంటుంది. కుడి భుజానికో, వీపున కుడి రెక్క ఎముక కిందికో పాకుతుంది. వాంతులు అవుతాయి. భారీ భోజనం చేసిన రాత్రి, తొలి నిద్ర తర్వాత లేపడం దీని అలవాటు. తర్వాత వచ్చినట్టే పోతుంది. అలా పోవడమే మోసం. వారాలో నెలలో ఏమీ ఉండదు, ‘ఆ రోజు బిర్యానీ పడలేదు’ అని మరిచిపోతారు. డైట్‌లో ఉన్నవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు. తినాలనిపించకపోవడం, వికారం డైట్ పనిచేస్తున్న గుర్తులనుకుని సంతోషిస్తారు.

నొప్పి ఐదారు గంటలు దాటినా, చలితో జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు టీ రంగులోకి, మలం సుద్ద రంగులోకి మారినా, నొప్పి నడుము పైభాగందాకా దూసుకుపోతున్నా ఆసుపత్రికి వెళ్లడానికి తెల్లారేదాకా ఆగకూడదు. రాయి తిత్తి మూతికో, ప్రధాన నాళానికో అడ్డుపడి ఉండవచ్చు, క్లోమగ్రంథి వాచి ఉండవచ్చు. పచ్చకామెర్లని పసరు మందుకు పరుగెత్తే ఊళ్లు మన జిల్లాలో ఇంకా ఉన్నాయి. నాళంలో ఇరుక్కున్న రాయిని ఏ పసరూ కదపదు, పోయిన రోజులు మాత్రం తిరిగిరావు. పొట్ట పైభాగంలో నొప్పితో పాటు చెమటలు, ఆయాసం ఉంటే, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లకి, ముందు ఈసీజీ తీయించాలి. గుండెపోటు కూడా గ్యాస్ వేషంలోనే వస్తుంది.

‘రాయి’ అనగానే కిడ్నీ రాయి గుర్తొచ్చి కొండపిండి కూర, అరటిదూట రసం మొదలుపెట్టేవాళ్లను చూస్తుంటాం. గాల్‌బ్లాడర్‌కు, మూత్రానికి దారే లేదు. ఇక్కడి రాయి మూత్రంలో పడిపోవడం జరగదు. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే రాళ్లు పడిపోతాయని ఫోన్లలో తిరిగే వీడియోలు ఇంకా ప్రమాదం. అలా మలంలో పడిన ఆకుపచ్చ ఉండల్ని పరీక్షించి, అవి పేగులో నూనెతో ఏర్పడిన సబ్బు ముద్దలని 2005లో లాన్సెట్ పత్రికలో రాశారు.

నిర్ధారణ కష్టం కాదు. విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్ దాకా పోనక్కర్లేదు, పట్నంలో ఏ స్కానింగ్ సెంటర్‌లోనైనా అల్ట్రాసౌండ్‌తో తిత్తిలోని రాళ్లు దాదాపు తప్పకుండా దొరుకుతాయి. ఖరీదైనదే మంచిదనుకుని సీటీ అడగకండి, కొలెస్టరాల్ రాళ్లు అందులో కనపడకపోవచ్చు. రాళ్లు కనిపించినా నొప్పి లేకపోతే సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. బరువు తగ్గే దశలో పుట్టిన చిన్న రాళ్లు కొందరిలో వాటంతట అవే కరిగిపోతాయి. నొప్పి వచ్చిన రాళ్లకు మాత్రం తిత్తిని తీసేయడమే నిలిచే వైద్యం. చిన్న రంధ్రాలతో చేసే ఈ ఆపరేషన్ని 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె మొదలుపెడితే, 1990లో డాక్టర్ తెహెంటన్ ఉద్వాడియా ముంబైలో చేశారు. తిత్తి లేకపోయినా పైత్యరసం కాలేయం నుంచి నేరుగా పేగులోకి వస్తుంది, అరుగుదల సాగుతుంది.

ముందుజాగ్రత్త మన వంటింట్లోనే ఉంది. ఇటలీలో 1998లో జరిగిన పరిశీలనలో దాదాపు ఒకే కేలరీలు ఇచ్చి, ఒక జట్టుకు రోజుకు 3 గ్రాముల కొవ్వు, రెండో జట్టుకు 12 గ్రాములు పెట్టారు. మొదటి జట్టులో 11 మందికి ఆరుగురిలో రాళ్లు వచ్చాయి, రెండో జట్టులో ఒక్కరికీ రాలేదు. చిన్న పరిశీలనే అయినా చెప్పింది విలువైనది. రోజులో ఒక పూటైనా రెండు చెంచాల నూనెతో వండిన కూర తినండి, పూటలకు పూటలు ఎగ్గొట్టకండి, వారానికి అరకిలో నుంచి కిలో తగ్గితే చాలు. వేగంగా తగ్గక తప్పనివాళ్లకు, సర్జరీ అయినవాళ్లకు, అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం బిళ్లలతో రాళ్లను నివారించవచ్చు. అది డాక్టరు చెప్పాల్సిన మందు.

ఇప్పటికే బాగా తగ్గి, ఈ మధ్య అలాంటి నొప్పి ఒక్కసారైనా వచ్చిందా? అయితే ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్లి స్కాన్ చేయించుకోండి, అప్పుడే తిత్తి నిండుగా కనిపిస్తుంది. డాక్టరు ఎదుట కూర్చోగానే నొప్పికన్నా ముందు ఈ మాట చెప్పండి: ‘ఇన్ని నెలల్లో ఇన్ని కిలోలు తగ్గానండీ.’