సన్యాసుల అక్కచెల్లెళ్ళు

తల్లీ తండ్రీ పోయి ఇంకా ఆరునెలలు నిండలేదు. ఇంట్లో మిగిలినవాళ్ళు ఇద్దరే. పద్ధెనిమిదో ఇరవయ్యో ఏళ్ళ కుర్రవాడూ, అతని వెనక బొత్తిగా చిన్నదైన ఓ చెల్లెలూ. ఆస్తికేం కొదవలేదు. మన లెక్కలో సుమారు 200 ఎకరాల మంచి పొలం ఉంది. ఒకనాడు అలవాటు చొప్పున చర్చికి వెళ్ళాడు కుర్రవాడు. అక్కడ సువార్త చదువుతున్నారు. ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి నా వెంట రమ్మని క్రీస్తు ఓ భాగ్యవంతుడితో చెప్పే ఘట్టం అది. ఆ మాట తనతోనే అన్నట్టు తోచింది కుర్రవాడికి. తిన్నగా వచ్చి పొలం ఊరివాళ్ళకు ఇచ్చేశాడు. ఇంట్లో సామాను అమ్మి, ఆ డబ్బు బీదసాదలకు పంచాడు. చెల్లెలి కోసమని ఓ కాస్త అట్టేపెట్టాడు. మరోసారి చర్చికి వెళ్ళేసరికి, రేపటిని గురించి బెంగ పెట్టుకోవద్దన్న మాట చెవిని పడింది. అట్టేపెట్టిన ఆ కాస్తా కూడా ఇచ్చేసి, చెల్లెలిని తనెరిగిన కన్యలు కొందరికి పెంచమని అప్పగించి, తన దారిన తాను వెళ్ళిపోయాడు.

ఇది జరిగింది ఈజిప్టులో, క్రీ.శ. 270 ప్రాంతాల. ఆ కుర్రవాడే ఆంటోనీ. క్రైస్తవ సన్యాసులందరికీ మూలపురుషుడని ఆయన్ని చెప్పుకుంటారు.

మన వైపు అయితే మేనమామలు ఊరుకునేవారా? నలుగురినీ కూడేసి, పిల్ల వాటా సంగతేమిటని నిలదీసేవారు. ఆంటోనీ కథ చదివినప్పుడల్లా నా ధ్యాస ఎడారి వైపు పోదు. ఆ పిల్ల వైపు పోతుంది. అన్న వెళుతూంటే గుమ్మంలో నిలబడి చూసిందా? ఏడ్చిందా? ఆంటోనీ చరిత్ర రాసిన అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ ఆ సంగతి రాయలేదు. పిల్ల పేరైనా రాయలేదు.

ఆంటోనీ మాత్రం జగత్ప్రసిద్ధుడయ్యాడు. మొదట ఊరి వెలపల సమాధి గుహలో ఉన్నాడు. తరవాత పాడుబడ్డ కోటలో తలుపులు బిగించుకుని ఇరవై ఏళ్ళు గడిపాడు. చివరకు ఎర్ర సముద్రానికి దగ్గర్లో ఓ కొండ చేరాడు. చాపలు అల్లి, తన తిండి తాను సంపాదించుకున్నాడు. 356లో, నూటఐదో ఏట పోయాడు. ఆ కొండ కింద ఆయన పేరిట మఠం నేటికీ ఉంది. అదంతా పెద్ద గాథ. నా కళ్ళు మాత్రం అందులో ఒక్క వాక్యం కోసం వెతికాయి. దొరికింది కూడాను. ఆంటోనీ ఒకసారి కొండ దిగి వచ్చినప్పుడు చెల్లెలిని చూశాడట. అప్పటికి ఆమె ముసలిదైపోయింది. పెళ్ళాడలేదు. తనలాటి కన్యలకు పెద్దదిక్కుగా ఉంది. చూసి ఆంటోనీ సంతోషించాడట. అంతే, అథనేసియస్ మళ్ళీ ఆమె జోలికి పోలేదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. మొట్టమొదటి సన్యాసి ఇల్లు విడిచేనాటికే, చెల్లెలిని అప్పగించడానికి వ్రతం పట్టిన కన్యలు ఉన్నారు గదా! మరి ఎవరు ముందు, ఎవరు వెనక?

ఆంటోనీ ఒంటరివాడు. నలుగురినీ ఒక కప్పు కింద చేర్చి, గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి అని కట్టడి చేసినవాడు పకోమియస్. ఈయనదీ ఈజిప్టే. బలవంతాన సైన్యంలో చేర్చుకుని, థీబ్స్‌లో నిర్బంధించి ఉంచినప్పుడు, ముక్కూ మొహం తెలియని క్రైస్తవులు తిండి తెచ్చి పెట్టారు. ఆ పెట్టిన చెయ్యి ఆయన్ని మార్చింది. 320 తరవాత నైలు ఒడ్డున తబెన్నిసి అనే చోట మఠం కట్టాడు. నేతగాళ్ళకో ఇల్లు, రొట్టెలు కాల్చేవాళ్ళకో ఇల్లు. చదువురానివాడు వస్తే ముందు అక్షరాలు నేర్పేవారు.

అన్న ఇలా ఉన్నాడని విని మరియ అనే చెల్లెలు చూడటానికి వచ్చింది. పకోమియస్ గడప దాటి రాలేదు. నేను బతికి ఉన్నానని విన్నావు గదా, చూడలేదని బాధపడకు అని ద్వారపాలకుడి చేత కబురు పంపాడు. నీకూ ఈ బతుకు కావాలంటే నీకో ఇల్లు కట్టిస్తానని కూడా చెప్పించాడు. ఆమె ఏడ్చింది. ఈసారి చరిత్రకారుడు ఆ మాట రాశాడు! ఏడ్చి, తరవాత ఒప్పుకుంది. బుద్ధుడంతటివాడు పెంచిన తల్లి గౌతమిని మూడుసార్లు కాదన్నాడని మనం చదువుకోలేదూ? పకోమియస్ అంత దూరం పోలేదు. మఠంలోని సోదరులే వెళ్ళి ఆమెకు ఇల్లు కట్టారు. ఆమె చుట్టూ స్త్రీలు చేరారు. 346లో మహమ్మారి సోకి పకోమియస్ చనిపోయేనాటికి మగవాళ్ళ మఠాలు తొమ్మిది, ఆడవాళ్ళవి రెండు.

ఆడవాళ్ళ మఠం ఏటికి ఆవలి గట్టున ఉండేది. తరవాతి కాలంలో అక్కడ 400 మంది ఉన్నారని పల్లాడియస్ అనే ఆయన రాశాడు. ఆదివారం ప్రార్థనకు గురువూ, ఆయన సహాయకుడూ తప్ప మగపురుగు ఏరు దాటదు. కాని ఒక సోదరి చనిపోతే మాత్రం తోటి ఆడవాళ్ళు శవాన్ని అలంకరించి తెచ్చి రేవులో దించేవారు. ఇవతలి నుంచి సన్యాసులు తాటాకులూ, ఆలివు రెమ్మలూ పట్టుకుని, కీర్తనలు పాడుతూ బల్లకట్టు మీద వెళ్ళి, ఆమెను దాటించుకొచ్చి తమ శ్మశానంలోనే పాతిపెట్టేవారు. బతికుండగా కాని ఏరు దాటడం చచ్చాక అయ్యేదన్నమాట.

ఇహ చిన్న ఆసియాలో, నేటి టర్కీ దేశంలో, కథ తిరగబడింది. అక్కడ ముందు నడిచింది అక్కగారు. పేరు మక్రీన. పెద్ద సంసారంలో తొలిచూలు. పన్నెండో ఏట తండ్రి సంబంధం కుదిర్చాడు. పెళ్ళి కాకముందే ఆ అబ్బాయి పోయాడు. వేరే సంబంధాలు వచ్చాయి. పెళ్ళన్నది ఒక్కసారే, ఆయన పోలేదు, దూరదేశం వెళ్ళాడంతే అని పిల్ల భీష్మించుకు కూర్చుంది. మన అమ్మమ్మల కాలపు కథలా లేదూ? కాని ఈమె మూల కూర్చోలేదు. తల్లికి చేదోడువాదోడైంది. ఆఖరి తమ్ముణ్ణి తానే పెంచి చదువు చెప్పింది. తమ్ముడు బాసిల్ ఏథెన్సులో చదువుకుని, నా అంతవాడు లేడని విర్రవీగుతూ వస్తే ఆ పొగరు దించి, దైవమార్గాన పెట్టింది. ఐరిస్ నది ఒడ్డున తమ ఎస్టేటులోనే తల్లిని ఒప్పించి, దాసీలనూ యజమానురాలినీ ఒకే బంతిన కూర్చోబెట్టింది. ఒకటే తిండి, ఒకటే పక్క.

ఆ బాసిలే తరవాత గొప్ప బిషప్పయి, మఠజీవితానికి నియమాలు రాశాడు. తూర్పు దేశాల క్రైస్తవ మఠాలు ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటాయి. మూడు వందలకు పైగా ఆయన ఉత్తరాలు దొరుకుతున్నాయి. వాటిలో గాని, ఆయన ఇతర రచనల్లో గాని అక్క పేరు ఒక్కచోటా లేదు! ఆయన గొప్పవాడే, కాదనను. కాని ఈ ఒక్క విషయంలో ఆయన మీద నాకు కోపం పోదు.

మక్రీన సంగతి మనకు తెలిసింది మరో తమ్ముడు గ్రెగరీ వల్ల. 379లో ఆయన చాలా ఏళ్ళ తరవాత అక్కను చూడ వచ్చాడు. ఆమె నేలమీద పలక పరుచుకుని జ్వరంతో పడి ఉంది. అయినా ఆయాసపడుతూ తమ్ముడికే ధైర్యం చెప్పింది. ఆమె పోయాక శవం మీద కప్పడానికి మంచి బట్ట ఏదైనా ఉందా అని అడిగాడు గ్రెగరీ. ఆమె కట్టుకున్నవే ఆమె ఆస్తి అన్నారు దగ్గరున్నవాళ్ళు. అప్పుడో స్త్రీ ఆమె రొమ్ము మీద చిన్న మచ్చ చూపించింది. ఒకప్పుడు అక్కడ పుండు లేచిందట. పరాయి మగవాడికి ఒళ్ళు చూపనని వైద్యుణ్ణి రానివ్వలేదట. రాత్రంతా ప్రార్థన చేసి, తల్లి చేత సిలువ గుర్తు వేయించుకుంటే మానిందట. తోడబుట్టిన తమ్ముడికి ఆ సంగతి అప్పుడే తెలిసింది. చివరకు తల్లి తాలూకు నల్లని పైబట్ట ఒకటి కప్పారు.

ఫ్రాన్సు దక్షిణాన ఆర్ల్ పట్టణంలో బిషప్పు సెసేరియస్ చెల్లెలు సెసేరియా కోసం 512లో మఠం తెరిచాడు. ముందు ఊరి బయట కడుతూంటే యుద్ధంలో కూలిపోయింది. మళ్ళీ కట్టించాడు. స్త్రీల కోసమే ప్రత్యేకంగా ఆయన రాసిన నియమావళి చూస్తే నాకు ముచ్చటేసింది. లోపలికి వచ్చినామె చచ్చేదాకా బయటికి పోకూడదు. అది కఠినమే. కాని అందరూ చదువు నేర్చుకు తీరాలి. రోజూ రెండు గంటలు పుస్తకం పట్టాలి. మఠాధ్యక్షురాలికైనా సరే దాసీ ఉండకూడదు. బిషప్పులకు విందులు వండిపెట్టకూడదు. పెద్దామె అనుమతి లేకుండా బయటివాళ్ళ బట్టలు ఉతికిపెట్టడం, కుట్టిపెట్టడం కూడదు. ఆడవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే లోకం వాళ్ళ చేత ఏం చేయిస్తుందో ఆ అన్నగారికి బాగా తెలుసు! తరవాత రాడెగుండ్ అనే రాణి భర్తను విడిచి పొయిటియర్సులో మఠం పెట్టుకున్నప్పుడు ఈ నియమాలే తెప్పించుకుంది.

పడమటి దేశాలన్నిటికీ నియమావళి ఇచ్చినవాడు ఇటలీ వాడు బెనెడిక్టు. రోముకు దక్షిణాన కసీనో కొండమీద 529 ప్రాంతాల మఠం స్థాపించాడు. ఆయన నియమావళిలో 73 అధ్యాయాలు ఉన్నాయి. తిండి, నిద్ర, పని, ప్రార్థన, అన్నిటికీ వేళా కొలతా ఉన్నాయి. ఆయన చెల్లెలు స్కొలాస్టికా. ఆమె గురించి రాసింది పోపు గ్రెగరీ ఒక్కడే, అదీ 593 ప్రాంతాల.

అన్నాచెల్లెళ్ళు ఏడాదికి ఒక్కరోజు, మఠానికి కాస్త దూరాన ఉన్న ఓ ఇంట్లో కలుసుకునేవారు. ఆఖరిసారి పొద్దుగూకేదాకా మాట్లాడుకున్నారు, భోజనం చేశారు. ఈ రాత్రి ఉండిపో, తెల్లవార్లూ మాట్లాడుకుందాం అంది చెల్లెలు. మఠం బయట రాత్రి గడపడమా, వల్ల కాదన్నాడు అన్న. ఆమె మరి బతిమాలలేదు. బల్లమీద చేతులు జోడించి తల వాల్చింది. అంతవరకూ ఆకాశంలో మబ్బుతునక లేదు. ఆమె తల ఎత్తేసరికి ఉరుములూ మెరుపులూ కుంభవృష్టీ! గడప దాటే వీలులేదు. ఏమిటమ్మా ఇలా చేశావని అడిగాడు బెనెడిక్టు. నిన్ను అడిగితే నువ్వు వినలేదు, దేవుణ్ణి అడిగితే ఆయన విన్నాడంది. ఆ రాత్రంతా మాట్లాడుకున్నారు. మూడోరోజున ఆమె పోయింది. తనకోసం కట్టించుకున్న సమాధిలోనే ఆమెను పెట్టించాడు అన్న. తరవాత ఆయన్నూ అక్కడే ఉంచారు. ఆమె చేసింది తప్పు అని పోపు గ్రెగరీ అనలేదు. ఎక్కువ ప్రేమించింది గనక ఎక్కువ చెల్లించుకుందని ఒప్పుకున్నాడు.

కసీనో కొండమీది మఠం ఎన్నోసార్లు కూలింది. లొంబార్డులు, అరబ్బులు, 1349లో భూకంపం. ఆఖరిది 1944 ఫిబ్రవరి 15. జర్మన్లు లోపల ఉన్నారనుకుని మిత్రరాజ్యాల విమానాలు బాంబులు కురిపించాయి. లోపల ఉన్నది సన్యాసులూ, తలదాచుకోవడానికి వచ్చిన పల్లెజనమూను. వందకు పైగా చనిపోయారు. గోడలు మొండిగా మిగిలాయి. అన్నాచెల్లెళ్ళ సమాధి మాత్రం శిథిలాల కింద చెక్కుచెదరకుండా ఉంది. మఠాన్ని మళ్ళీ యథాతథంగా కట్టారు. 1964 అక్టోబరు 24న పోపు ఆరవ పాల్ వచ్చి ప్రతిష్ఠ చేశాడు.

ఆ ఎముకలు అక్కడ లేవు, ఏనాడో మా దగ్గరకు తెచ్చుకున్నామని ఫ్రాన్సులో ఫ్లూరీ మఠంవాళ్ళు బెనెడిక్టు విషయంలో అంటారు. కసీనో వాళ్ళు ఒప్పుకోరు. స్కొలాస్టికా పండుగ మాత్రం ఏటా ఫిబ్రవరి 10న రెండుచోట్లా చేస్తారు.